చల్లారే లోహం చప్పుడు

మా లాబ్‌లో ఈ ఏడాది చేరిన శ్వేత అనే అమ్మాయి ఒకరోజు పాత రిపోర్టు ఒకటి పట్టుకుని నా గదికి వచ్చింది. పన్నెండు పదమూడేళ్ల కిందటిది.

"మేడమ్, ఇందులో ఒక వాక్యం అర్థం కాలేదు. చల్లారుతుండగా చప్పుడు వినిపించినందున రింగును కోసి పరీక్షించడమైనది అని రాశారు. ఏ మెషీన్ విన్నది?" అని హిందీలో అడిగింది.

మెషీన్ కాదు, మనిషి అన్నాను. ఎవరని అడిగింది. పేరు చెప్పాను. ఆ పేరు ఆమె ఎప్పుడూ వినలేదు. వినే అవకాశమూ లేదు. ఆయన రిటైరై ఆరేళ్లయింది, రిపోర్టులో ఆయన పేరు లేదు. ఆ వాక్యం రాసింది నేనే. కాబట్టి ఇది కూడా నేనే రాయాలి.

నేను ఈ లాబ్‌లో చేరింది రెండువేల ఎనిమిదిలో. పుట్టి పెరిగిందంతా జంషెడ్‌పూర్‌లోనే, సోనారిలో. నాన్న విజయనగరం పక్క ఊరినుంచి స్టీలు ప్లాంటులో పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి. మాకు ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే హిందీ. చేరిన మొదటి వారం నేను వెల్డింగ్ షెడ్డులోకి అడుగుపెడితే, నల్లద్దం మాస్కు పెట్టుకున్న ఒకాయన దాన్ని నుదుటి మీదికి ఎత్తి, నా బ్యాడ్జీ మీది పేరు నెమ్మదిగా చదివి, "గీతాంజలి... మన తెలుగోలమ్మాయేనేటి?" అన్నారు.

ఆయనే జగ్గారావుగారు. అప్పటికి యాభైకి దగ్గర పడ్డారు. సన్నటి మనిషి, చేతుల మీద నిప్పురవ్వల మచ్చలు. నలుగురి ముందు నన్ను "మేడమ్" అనేవారు, ఇద్దరమే ఉంటే "అమ్మా" అనేవారు. నేను మొదట పేరు పెట్టి గారూ అని పిలిచి, నెల తిరక్కముందే "బాబాయ్" అనడం మొదలుపెట్టాను.

మా పనేమిటో కాస్త చెప్పాలి. అణు విద్యుత్ కేంద్రంలో నీళ్లు పారే పైపులకు పెద్ద పెద్ద వాల్వులుంటాయి. వాల్వు తెరిచి మూసినప్పుడల్లా లోపల రెండు లోహపు ముఖాలు ఒకదాన్నొకటి గట్టిగా రాసుకుంటాయి. ఉత్త స్టీలైతే కొన్నాళ్లకే గీరుకుపోతుంది. అందుకని ఆ ముఖాల మీద గట్టి మిశ్రమలోహాన్ని కరిగించి పూతగా వేస్తారు. ఏళ్ల తరబడి ఆ పూతల్లో వాడుతూ వచ్చింది ఎక్కువగా కోబాల్టు. గట్టిదనంలో దానికి వంక పెట్టలేం. చిక్కంతా ఎక్కడంటే, ఎంత గట్టిదైనా ఏళ్ల మీద రవ్వంత అరుగుతుంది. ఆ అరిగిన నలుసులు నీళ్లతో పాటు రియాక్టరులోకి పోయి, అక్కడ రేడియోధార్మికంగా మారి, తిరిగొచ్చి పైపుల వంపుల్లో పేరుకుంటాయి. రిపేరుకు వెళ్లే మనిషికి ఆ వంపుల పక్కనే పని. కోబాల్టు లేకుండా నికెల్‌తో అంత గట్టి పూత వేయగలమా అన్నది మా ప్రాజెక్టు. దానికి పెద్ద డాక్టర్ మహతో. ఘాట్‌శిలా వైపు మనిషి, తక్కువ మాట్లాడతారు, ఎక్కువ పని చేయిస్తారు. రోజువారీ బాధ్యత నాది. పూత వేసే చెయ్యి జగ్గారావుగారిది.

ఇదంతా నేను బోర్డు మీద బొమ్మ గీసి ఆయనకు చెప్పబోతే, సగంలోనే ఆపేశారు.

"నాకు తెలుసమ్మా. మా తమ్ముడు పైడిబాబు అలాంటి ప్లాంటులకే ఎల్తాడు."

పైడిబాబు కాంట్రాక్టు ఫిట్టరు. ప్లాంటు ఆపి మరమ్మతులు చేసే రోజుల్లో పిలుపు వస్తే సంచి సర్దుకుని వెళ్లి, రెండు నెలలో మూడు నెలలో ఉండి బాగ్‌బేరాలోని ఇంటికి తిరిగొచ్చేవాడు. లోపలికి పంపేముందు ఛాతీకి చిన్న పరికరం తగిలిస్తారు. ఒంటికి ఎంత సోకిందో అది లెక్క చెబుతుంది.

"ఒక వాల్వు కాడ ఆడికి ఏడు నిమిషాలిచ్చారంటమ్మా. ఏడే. రెంచీ బిగించి నాలుగు బోల్టులు ఇప్పేసరికి బయటినించి సెయ్యూపీసినారంట, వచ్చీమని. ఐదో బోల్టు ఇంకోడు. ఏడో బోల్టు ఇంకోడు. వాల్వు ఒకటి, దానికి పదిమంది మడుసులు." ఒక్క క్షణం ఆగి అన్నారు, "ఈ కోబాల్టు తీసీగలిగితే మంచిదే. సేద్దారి."

ఆ "సేద్దారి" అన్నంత తేలిక కాలేదు పని.

మేం పూత వేసేది భోజనం కంచమంత వెడల్పున్న స్టీలు రింగు మీద. ప్లాస్మా టార్చిలోంచి నికెల్ మిశ్రమం పొడిగా జారుతూ, కరిగి, రింగు చుట్టూ ఎర్రటి తాడులా పరుచుకుంటూ పోతుంది. మొదలుపెట్టిన చోటికే తిరిగొచ్చి కలవాలి. వేస్తున్నంతసేపూ చూడముచ్చటగా ఉండేది. చల్లారేటప్పుడే అసలు కథ. కింది స్టీలు ఒకలా ముడుచుకుంటుంది, పై పూత ఇంకోలా ముడుచుకుంటుంది. గట్టిదనం ఎంత ఎక్కువైతే పెళుసుదనం అంత ఎక్కువ. ఎక్కడో ఒకచోట తట్టుకోలేక "టంగ్" మంటుంది. అంతే, వారం పని పోయినట్టే. మర్నాడు ఎర్ర రంగు ద్రవం పూసి, తుడిచి, తెల్ల పొడి చల్లితే, పగులు దారి పొడుగునా ఎర్రటి వెంట్రుకలా గీత తేలేది. మొదటి రింగుకు ఆరు గీతలు. రెండోదానికి తొమ్మిది. నాకు ఏడుపొచ్చింది. జగ్గారావుగారు వేళ్ల మీద లెక్కపెట్టి, "తొమ్మిదైతే తొమ్మిది. ఇక్కడ సూడండి, సుట్టూ సగం దూరం ఒక్కటీ లేదు. అక్కడ నా సెయ్యి ఏటి సేసిందో గేపకం తెచ్చుకోవాల," అన్నారు.

ఆయన ఎప్పుడూ రింగు చల్లారేచోటే కూర్చునేవారు. వేసిన రింగును అభ్రకంలాంటి తేలికపాటి పొడిలో పూడ్చిపెట్టేవాళ్లం, వేడి నెమ్మదిగా దిగడానికి. దాని పక్కన స్టూలు వేసుకుని, చేతులు కట్టుకుని, కళ్లు సగం మూసుకుని ఉండేవారు. కునుకు తీస్తున్నారని నేను చాలాకాలం అనుకున్నాను. ఒకసారి నవ్వుతూ అనేశాను కూడా.

"పడుకోలేదమ్మా, ఇంటన్నాను," అన్నారు.

అప్పుడే వాళ్ల నాన్న సంగతి చెప్పారు. ఆయన పేరు పోలరాజు. టాటానగర్ స్టేషన్‌లో పని. పొడుగు కర్ర ఉన్న సుత్తి పట్టుకుని, ఆగిన రైలు ఆ చివరినుంచి ఈ చివరిదాకా నడుస్తూ ఒక్కో చక్రాన్నీ కొట్టి వినేవాడు. బాగున్న చక్రం గంటలా మోగుతుంది. పగులున్నది బొంగురుగా పలుకుతుంది. బడి లేని రోజుల్లో జగ్గారావుగారు ప్లాట్‌ఫారం మీద తండ్రి పక్కనే నడిచేవారట. కొట్టిన ప్రతిసారీ తండ్రి "ఏటి?" అని అడిగేవాడు, "బాగుంది" అనో "అనుమానం" అనో కొడుకు చెప్పాలి.

"అనుమానం అంటే మా నాన్న ఎప్పుడూ తిట్టలేదమ్మా. బాగున్న సక్రాన్ని అనుమానం అన్నా ఏటీ అనీవోడు కాదు. మళ్లీ కొట్టి ఇనిపించీవోడు. అనుమానం వచ్చి సెప్పకపోతే మాత్తరం ఊరుకోడు."

తాను పెరిగిన రైల్వే క్వార్టర్స్ పక్కనే, బాగ్‌బేరాలోనే జగ్గారావుగారు ఇల్లు కట్టుకున్నారు. పొద్దున్నే అక్కడినుంచి సైకిలు మీద వచ్చేవారు. క్యారియర్‌లో అన్నం, పప్పు, ఆవకాయ ముక్క. మే నెల ఎండలో షెడ్డు రేకుల కింద ఆయన తన డబ్బా విప్పితే ఆ ఆవకాయ వాసనకు నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చేది. ఎన్ని మధ్యాహ్నాలు అలా తిన్నామో. ఇప్పుడు ఆ షెడ్డుకు ఏసీ పెట్టారు, లోపల తినకూడదని బోర్డు రాశారు. మంచిదే. కానీ అటువైపు వెళ్లినప్పుడు నాకు ఆ వేడి రేకుల వాసనే తగులుతుంది.

మూడో ఏడు వచ్చింది. ప్రాజెక్టు గడువు దగ్గర పడింది. ఒక సోమవారం ఢిల్లీ, ముంబయిల నుంచి సమీక్ష కమిటీ వస్తుందని తేల్చారు. అంతకుముందు వారం బుధవారం పొద్దున ఏడో రింగు వేశాం. గురువారం ఎర్ర రంగు పరీక్ష. తెల్ల పొడి చల్లి అందరం వంగి చూశాం. ఒక్క గీత లేదు. డాక్టర్ మహతో భూతద్దం పెట్టి చుట్టూ రెండుసార్లు తిరిగి, నిటారుగా నిలబడి, "హో గయా," అన్నారు. అయిపోయింది, సాధించాం అన్నట్టు. ఆయన నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి. సాక్చి బజారు నుంచి మిఠాయి తెప్పించారు. జగ్గారావుగారు లడ్డూ తీసుకుని జేబురుమాల్లో చుట్టి పెట్టుకున్నారు. ఇంట్లో మనవరాలి కోసమేమో అనుకున్నాను.

శుక్రవారం సాయంత్రం అందరూ వెళ్తుండగా నా టేబులు దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"అమ్మా, ఆ రింగు సూపించకండి."

"ఎందుకు?" అన్నాను.

"బుధవారం మజ్జాన్నం అందరూ క్యాంటీనుకి ఎల్లినారు. మెషీన్లు ఆపీసినారు. నానొక్కణ్నే ఉన్నాను. అప్పుడు ఒక సప్పుడు ఇనబడ్డాది. పెద్దది కాదు. లోపల్నించి."

"బాబాయ్, ఎర్ర రంగులో ఏమీ రాలేదు కదా."

"పైకి వచ్చిన పగులైతే రంగు పడతాది. లోపలే ఉండిపోతే ఎలా పడతాది?"

"పైన రేకులు కూడా ఎండకి అలాగే టకటకమంటాయి. అదే అయ్యుంటుంది," అన్నాను.

ఇప్పుడు ఈ వాక్యం రాస్తుంటే నాకు సిగ్గుగా ఉంది. ఆ రింగు బాగుండాలని నేను కోరుకుంటున్నాను, అంతే. అది ఆయనకూ తెలుసు.

"రెండురోజుల్నించి నానూ అదే అనుకుందామని సూత్తన్నాను. రేకే, రేకే అనీసి. నిన్న పైడిబాబు వచ్చినాడు. అన్నం తింటా ఏటో కబుర్లు సెప్తన్నాడు, నాకు బుర్రకి ఎక్కలేదు. ఆడి మొకమే సూత్తా కూకున్నాను. ఒగ్గీలేకపోతన్నానమ్మా. రేపు ఆ పూత ఊడితే, దాన్ని తియ్యడానికి ఎల్లీవోడు ఎవుడో ఒకడు ఉంటాడు కదా."

నేను ఆయన్ని వెంటబెట్టుకుని డాక్టర్ మహతో గదికి వెళ్లాను. ఆయన అంతా విని, పెన్ను మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టి, "ఒక చప్పుడు కోసం ఇన్నాళ్ల పని కోయమంటారా?" అన్నారు హిందీలో. కోపంగా అనలేదు. అలసటగా అన్నారు.

"కోయొద్దు సార్. ముందు కొట్టి చూద్దాం," అన్నారు జగ్గారావుగారు.

శనివారం పొద్దున రింగును తాడుతో క్రేను కొక్కేనికి వేలాడదీశారు. పక్కన, పూత వేయని ఉత్త రింగు ఇంకోటి. చిన్న ఇత్తడి సుత్తితో ముందు దాన్ని కొట్టారు. సన్నగా, చాలాసేపు మోగింది. తరువాత మాది. అదీ మోగింది. నాకు తేడా తెలియలేదు. డాక్టర్ మహతోకూ తెలియలేదు. జగ్గారావుగారు రింగును కాస్త కాస్త తిప్పుతూ పన్నెండు చోట్ల కొట్టారు. పూత మొదలూ చివరా కలిసేచోటికి వచ్చేసరికి ఆగి, మూడుసార్లు కొట్టారు. మూడోసారి నాకు ఏదో తెలిసినట్టనిపించింది. మోత తొందరగా చచ్చిపోయింది. అది నిజంగా విన్నానో, ఆయన మొహం చూసి విన్నాననుకున్నానో ఇప్పటికీ చెప్పలేను.

డాక్టర్ మహతో చాలాసేపు ఆ రింగు వైపే చూశారు. "కాటో," అన్నారు చివరికి. కోయమని చెప్పేసి వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయారు.

కోత మధ్యాహ్నం దాకా పట్టింది. జగ్గారావుగారు చెప్పిన చోటే అడ్డంగా కోశాం. కోసిన ముఖం మీద కంటికి ఏమీ కనిపించలేదు. పక్కన ఇంకో కోత కోశాం. ఏమీ లేదు. సాయంత్రానికి మూడు ముక్కలు బల్ల మీద మెరుస్తూ పడి ఉన్నాయి. మూడూ శుభ్రంగా ఉన్నాయి. షెడ్డులో ఎవరూ ఆయనతో మాట్లాడలేదు. ఆయన చేతులు కడుక్కుని, సైకిలు తీసుకుని, "ఎల్లొత్తానమ్మా," అని వెళ్లిపోయారు. భుజాలు ముందుకు వంగి ఉన్నాయి. ఒక్క రోజులో అంత ముసలితనం రావడం నేను ఇంకెప్పుడూ చూడలేదు.

ఆదివారం పొద్దున నేనొక్కదాన్నే లాబ్‌కి వెళ్లాను. కోసిన ముక్కను అలా చూస్తే చాలదు. గరుకు కాగితం మీద, తరువాత మెత్తటి కాగితం మీద, ఆ తరువాత గుడ్డ మీద అద్దంలా మెరిసేదాకా రుద్ది, యాసిడ్ తగిలించి, మైక్రోస్కోపు కింద పెట్టాలి. మూడు ముక్కలూ అలా చేశాను. మొదటి రెండింటిలో ఏమీ లేదు. మూడోదాన్లో, పూతకూ స్టీలుకూ అతుకు ఉన్న గీత మీద, సన్నటి నల్లటి దారి కనిపించింది. పైకి రాకుండా, పక్కలకు పాకిపోయింది. పొడవు నా చిటికెన వేలి గోరంత.

నాకు సంతోషం వేసింది. రింగు పోయినందుకు బాధపడాల్సింది, సంతోషం వేసింది.

స్కూటరు తీసి నేరుగా బాగ్‌బేరా వెళ్లాను. ఇల్లు తెలియదు. రైల్వే గేటు దాటాక "వెల్డింగ్ జగ్గారావు" అంటే ఒకాయన చూపించాడు. వాళ్లావిడ సరస్వతమ్మగారు తలుపు తీసి, నన్ను చూసి గాభరా పడ్డారు.

"ఏటయ్యిందమ్మా? రాత్రినించి అన్నం ముట్టలేదు. అడిగితే సెప్పడు."

జగ్గారావుగారు లోపలినుంచి వచ్చారు. పక్కన పైడిబాబు. అన్న కంటే పొడుగు, అన్న కంటే మాటకారి అని ఆ తరువాత తెలిసింది. అప్పుడు మాత్రం ఇద్దరూ నిలబడి నా మొహమే చూస్తున్నారు.

"ఉంది బాబాయ్," అన్నాను. "మూడో ముక్కలో ఉంది. అతుకు దగ్గర."

ఆయన గోడకు చెయ్యి ఆనించి, "ఎంతుంది?" అని అడిగారు. వేలి గోరు చూపించాను. దాన్ని అలాగే చూస్తూ ఉండిపోయారు.

"అన్నియ్యా, నువ్వు రాత్రంతా కూకున్నది దీనికేనేటి?" అన్నాడు పైడిబాబు. "ఒక మాట సెప్తే నానూ కూకుందును కదా."

సరస్వతమ్మగారు మాకు పెసరట్లు వేశారు. ఆయన నాలుగు తిన్నారు.

సోమవారం డాక్టర్ మహతో కమిటీ ముందు బల్ల మీద మూడు ముక్కలూ పెట్టారు. రింగు లేదు, ఇవే ఉన్నాయి అని ఉన్నదున్నట్టు చెప్పారు. కమిటీలో తెల్లజుట్టు పెద్దాయన ఒకరు ముక్కను చేతిలో తిప్పుతూ, ఎవరు విన్నారు, పిలవండి అన్నారు. జగ్గారావుగారు తలుపు దగ్గరే నిలబడ్డారు. లోపలికి రమ్మన్నా రాలేదు, బూట్లకు గ్రీజు ఉందని.

"పరీక్షలో పాసైంది కదా. మీరు చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. ఎందుకు చెప్పారు?" అని పెద్దాయన హిందీలో అడిగారు.

"సాబ్, మేరా భాయీ వహా కామ్ కర్తా హై," అన్నారు జగ్గారావుగారు. నా తమ్ముడు అక్కడ పనిచేస్తాడు.

మాకు ఇంకో ఎనిమిది నెలలు ఇచ్చారు.

ఆ ఎనిమిది నెలలు నా ఉద్యోగంలో అన్నిటికంటే మంచి రోజులు. పగులు ఎక్కడ పుడుతుందో ఇప్పుడు తెలుసు కాబట్టి పని ఒక దారిలో పడింది. రింగు చుట్టూ తిరిగొచ్చి మొదలుపెట్టిన చోటే టార్చి ఆపేయడం వల్ల అక్కడ గుంట పడి, పగులుకు చోటిస్తోంది. జగ్గారావుగారు ఆ చోటు దాటి రెండు వేళ్ల దూరం ముందుకు పోయి, పొయ్యి మంట తగ్గించినట్టు కరెంటు కొద్దికొద్దిగా తగ్గిస్తూ ఆపడం మొదలుపెట్టారు. డాక్టర్ మహతో పూతకూ స్టీలుకూ మధ్య ఇంకో మెత్తటి లోహపు పొర వేయమన్నారు, ఒకేలా ముడుచుకోని ఆ రెండింటికీ మధ్యవర్తిలాగా. పొడిలో పూడ్చే పద్ధతి మానిపించి, కొలిమిలోనే మర్నాటిదాకా ఉంచాలని నేను పట్టుబట్టాను. ఎనిమిదో రింగు పగిలింది. తొమ్మిదోదానికి గట్టిదనం చాలలేదు. పదోది కొలిమి కరెంటు పోయి పాడైంది.

పదకొండో రింగు వేసిన రోజు, ఇద్దరు హెల్పర్లతో కలిపి మేం ఐదుగురం క్యాంటీనుకు వెళ్లలేదు. ఫ్యాన్లు కూడా ఆపేశాం. కొలిమి తలుపు పక్కన చెమటలు కారుతూ కూర్చున్నాం. డాక్టర్ మహతో సిమెంటు సంచి మీద కూర్చున్నారు. ఎవరైనా దగ్గితే మిగతావాళ్లు ఉరిమి చూసేవారు. మూడు గంటలు. సాయంత్రం జగ్గారావుగారు లేచి, నడుం పట్టుకుని, "ఏటీ లేదు," అన్నారు. మర్నాడు ఎర్ర రంగులో గీత లేదు. కొట్టి చూస్తే మోగింది. అయినా దాన్నీ కోశాం, నమ్మకం కోసం. లోపలా ఏమీ లేదు. పన్నెండోది, పదమూడోది కూడా అలాగే వచ్చాయి. వాటిని వేడి చేసి, చల్లార్చి, రాపిడి పెట్టి, నెలల తరబడి హింసించారు. నిలబడ్డాయి.

రిపోర్టు రాసేటప్పుడు జగ్గారావుగారి పేరు పెట్టాలని నేను అడిగాను. శాస్త్రవేత్తల పేర్లకే గడులున్నాయి, టెక్నీషియన్లకు లేవు అన్నారు ఆఫీసులో. నేను ఇంకోసారి అడగలేదు. అడగాల్సింది. ఆయనకు చెబితే, "పేరుదేటుందమ్మా, పని జరిగిందా లేదా," అన్నారు. ఆయన అలా అన్నారని నా తప్పు తప్పు కాకుండా పోదు.

తరువాత మాకు చల్లారే లోహం చప్పుళ్లు పట్టే పరికరం వచ్చింది. పగులు పుట్టిన క్షణంలో తెర మీద నిటారుగా ఒక గీత లేస్తుంది. మొదటిసారి చూసినప్పుడు జగ్గారావుగారు కళ్లద్దాలు సర్దుకుని, "నా సెవికి బొమ్మేసినారన్నమాట," అని నవ్వారు. ఆ పరికరానికి ఏ చప్పుడు పగులుది, ఏ చప్పుడు రేకుది అని నేర్పడానికి ఆయన్ని నెల రోజులు దాని పక్కనే కూర్చోబెట్టాం.

రెండువేల పంతొమ్మిదిలో రిటైరయ్యారు. వీడ్కోలు సభలో మాట్లాడమంటే మైకు పట్టుకుని, "అందరూ బాగా సూసుకున్నారు. షెడ్డులో నాలుగో ప్లగ్గు వదులుగా ఉంది, ఎవరైనా సూడండి," అని చెప్పి కూర్చున్నారు. ఇప్పుడు అదే షెడ్డులో లేజరుతో, రోబో చేత్తో పూతలు వేస్తున్నాం. కొత్త పిల్లలు చక్కగా చేస్తున్నారు. టార్చి చివర చెయ్యి వణక్కుండా పట్టుకున్న మనిషిని వాళ్లు చూడలేదు, చూడాల్సిన అవసరం కూడా రాలేదు.

రెండేళ్ల కిందట ఒక ప్లాంటు నుంచి ఉత్తరం వచ్చింది. మా పద్ధతిలో పూత వేసిన వాల్వులను తెరిచి చూశారట, ముఖాలు చెక్కుచెదరలేదట. ఆ పైపుల దగ్గర మనుషులు ఎక్కువసేపు పనిచేయగలుగుతున్నారని కూడా రాశారు. మా పూత ఒక్కటే కారణమని నేను అనుకోను. చాలా చోట్ల చాలామంది చేసిన పని అది. అయినా ఆ ఉత్తరం ప్రతి తీసుకుని బాగ్‌బేరా వెళ్లాను. పైడిబాబు మోకాళ్ల నొప్పులతో ఆ పనికి వెళ్లడం మానేసి అప్పటికి ఐదేళ్లు. ఉత్తరం అతని చేతికే ఇచ్చారు జగ్గారావుగారు. అతను దాన్ని రెండుసార్లు చదివాడు. "ఇప్పుడెల్లీవోడు ఒక్కడే కూకొని వాల్వు మొత్తం ఇప్పీసుకోవచ్చన్నమాట," అని, దాన్ని మడిచి అన్న చేతికి తిరిగిచ్చాడు.

శ్వేత ఆ ప్రశ్న అడిగిన వారంలోనే, ఆదివారం మళ్లీ వెళ్లాను. జగ్గారావుగారికి అరవయ్యారు. వరండాలో చిన్న వెల్డింగ్ సెట్టు పెట్టుకున్నారు. చెరుకురసం బళ్లవాళ్లు అరిగిన రోలర్లు తెస్తే పళ్ల మీద గట్టి లోహం పోసి ఇస్తుంటారు. మనవరాలు బిందుప్రియ ఇంటరు చదువుతోంది. తాతయ్య తెలుగులో ఏం అడిగినా హిందీలోనే జవాబిస్తుంది. రిపోర్టు సంగతి చెప్పి, మీ గురించి రాస్తాను బాబాయ్ అన్నాను.

"రాయండి. తప్పులు రాయకండి," అన్నారు. తరువాత ఆలోచించి, "ఏడో రింగుకి నాను కరెంటు కొంచెం ఎక్కువ పెట్టినాను. అదీ రాయండి. అది నా పొరపాటే," అన్నారు.

అది నాకు ఇన్నేళ్లూ తెలియదు. రాశాను.

మేం మాట్లాడుతుండగానే బండి ఒకటి వచ్చి ఆగింది. రసం బండి మనిషి సంచిలోంచి రోలరు తీసి గట్టు మీద పెట్టాడు. సాయంత్రానికి కావాలన్నాడు.

"కూకోండమ్మా, టీ తాగండి. బేగి అయిపోతాది," అని జగ్గారావుగారు లేచి, రోలరును రెండు చేతులతో ఎత్తి వెలుతురులోకి తిప్పి, ఏ పన్ను ఎంత అరిగిందో వేలితో తడుముతూ అతన్ని అడగడం మొదలుపెట్టారు, రోజుకి ఎన్ని గంటలు తిప్పుతావు, చెరుకు ఎక్కడిది అని. సరస్వతమ్మగారు టీ తెచ్చారు. ఆయన పని అయ్యేదాకా నేను అక్కడే కూర్చున్నాను.